ఐదొందల ఓట్లున్న పాత సమాధానాన్ని సరిదిద్దడం ఎలా?

ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైటుకి కోడ్ పంపుతుంటే పాస్‌వర్డ్ అడుగుతోంది, ఏం కొట్టాలి? ప్రశ్నలూ జవాబులూ నడిచే సైట్లలో 2021 ఆగస్టు 12న ఈ ప్రశ్నకు "మీ గిట్‌హబ్ పాస్‌వర్డే కొట్టండి" అనడం సరైన జవాబు. ఆగస్టు 13 నుంచి గిట్‌హబ్ కమాండ్ లైన్‌లో పాస్‌వర్డ్ తీసుకోవడం మానేసింది. దాని బదులు గిట్‌హబ్ తయారుచేసి ఇచ్చే టోకెన్ అనే పొడవాటి కోడ్ ఇవ్వాలి, లేదంటే ఎస్‌ఎస్‌హెచ్ కీ అనే తాళంచెవి ఫైలు పెట్టుకోవాలి. జవాబు రాసినవాళ్లు తప్పేమీ రాయలేదు. అయినా తెల్లారేసరికి అది పనికిరాకుండా పోయింది. దానికి పడ్డ ఓట్లు మాత్రం ఎక్కడికీ పోలేదు.

మన ఊళ్ల సంగతీ ఇంతే. తెలంగాణలో పొలం కొన్నాక పట్టా మన పేరు మీదికి ఎలా మారుతుందని 2019లో అడిగితే, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్ట్రేషన్, ఆ తర్వాత మ్యుటేషన్ కోసం వీఆర్వో చుట్టూ, తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరగడం అని చెప్పేవాళ్లు. 2020 సెప్టెంబరులో అక్కడ వీఆర్వో వ్యవస్థనే రద్దు చేశారు. ఆ అక్టోబరు 29న ధరణి అనే భూముల పోర్టల్ మొదలై, సాగు భూముల రిజిస్ట్రేషన్ కూడా తహసీల్దారు దగ్గరికే వచ్చింది. 2025 ఏప్రిల్‌లో ధరణి స్థానంలో భూ భారతి వచ్చింది. ఒకే ప్రశ్నకు ఆరేళ్లలో మూడు జవాబులు. ఇంటర్నెట్‌లో మాత్రం మూడూ పక్కపక్కనే ఉన్నాయి, మూడూ అదే ధీమాతో మాట్లాడుతున్నాయి.

అలాంటి జవాబు మీ కంటపడితే ఏం చేయాలో ఇక్కడ వరసగా చెబుతాను. ఎక్కువగా ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లో పద్ధతి మీదే చెబుతాను. ఇంకొకరి జవాబును మనం సరిదిద్దే వీలు అక్కడుంది, దానికి నియమాలు కూడా స్పష్టంగా ఉన్నాయి. అన్ని రకాల ప్రశ్నలూ అడిగే కోరా తెలుగులాంటి చోట్ల ఎవరి జవాబు వాళ్లే మార్చుకోవాలి, ఆ సంగతి తర్వాత.

ముందు, అది నిజంగా పాతదేనా?

మీ దగ్గర పనిచేయలేదు కాబట్టి జవాబు పాతబడిందని అనుకోకండి. తొందరపడి ఎడిట్ చేసేవాళ్లలో ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే.

జవాబు కింద రెండు తేదీలుంటాయి, రాసిన తేదీ, చివరిగా మార్చిన తేదీ. రెండూ చూడండి. ప్రశ్న దేని గురించో చెప్పే ట్యాగులు దానికి తగిలించి ఉంటాయి, అవీ చూడండి. ప్రశ్న పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష 2.7 వెర్షన్ గురించే అయితే పైథాన్ 2లో రాసిన జవాబు పాతది కాదు, అడిగినదానికే చెప్పింది. పైథాన్ 2కి అధికారిక మద్దతు 2020 జనవరి 1తో ఆగిపోయిన మాట నిజమే. కానీ పదేళ్ల కిందటి ప్రోగ్రాం ఒకటి ఇంకా నడుస్తున్న ఆఫీసులో కూర్చున్న మనిషికి ఆ జవాబే దిక్కు.

తర్వాత అధికారిక డాక్యుమెంటేషన్ తెరిచి, ఆ ఫంక్షన్ వద్దంటున్నారా, తీసేశారా అని చూడండి. ఈ రెంటికీ చాలా తేడా ఉంది. పైథాన్‌లో పట్టికల పనికి వాడే పాండాస్ లైబ్రరీలో డేటాఫ్రేమ్‌కి, అంటే పట్టికకి, ఒక వరుస కలపడానికి అపెండ్ వాడమని చెప్పే జవాబులు కొల్లలు. 2022 జనవరిలో వచ్చిన 1.4 వెర్షన్ అపెండ్ వద్దని హెచ్చరించడం మొదలుపెట్టింది, కానీ అది పనిచేసేది. 2023 ఏప్రిల్‌లో వచ్చిన 2.0లో దాన్ని పూర్తిగా తీసేశారు, కాన్‌క్యాట్ వాడాలి. అంటే ఆ మధ్య ఏడాది పైచిలుకు ఆ జవాబు పాతదే కానీ తప్పు కాదు.

మూడో రకం ఇంకోటుంది. 2019 ఆగస్టులో, కోడ్ మార్పుల లెక్క ఉంచే గిట్ ప్రోగ్రాం 2.23 వెర్షన్‌తో పాటు స్విచ్ అనే కమాండ్ వచ్చింది. అప్పటి నుంచి పాత చెకౌట్ కమాండ్‌తో బ్రాంచి (కోడ్‌లో ఒక పాయ) మార్చమన్న ప్రతి జవాబునూ స్విచ్‌గా దిద్దాలని కొందరికి చేతులు దురదపెడతాయి. చెకౌట్ ఇప్పటికీ నిక్షేపంగా పనిచేస్తోంది. కొత్తది వచ్చినంత మాత్రాన పాతది చెడిపోదు. అలాంటి జవాబు జోలికి పోకండి. స్విచ్ గురించి చెప్పాలనుకుంటే కింద కామెంటులో ఒక మాట చాలు.

చివరిగా, పాత కోడ్ ఒకసారి, కొత్త కోడ్ ఒకసారి మీరే నడిపి చూడండి. నడపకుండా దిద్దితే మీరు ఒక పాత తప్పు తీసి కొత్త తప్పు పెట్టినట్టే. దానిమీద నేటి తేదీ పడుతుంది కాబట్టి జనం ఇంకా ఎక్కువ నమ్ముతారు.

పేజీ కింది దాకా చదవండి

మీకు తెలిసిన కొత్త పద్ధతి ఎవరో నాలుగో జవాబులో ఎప్పుడో రాసి ఉండొచ్చు. దానికి ముప్పై ఓట్లుంటాయి, పైన ఉన్నదానికి ఐదొందలుంటాయి, అంతే తేడా. అప్పుడు మీరు చేయాల్సిన పని ఎడిట్ కాదు, ఓటు. మీ రాతలు నచ్చినప్పుడు సైటు ఇచ్చే రెప్యుటేషన్ పాయింట్లు పదిహేను ఉంటే పైకి ఓటు వేయొచ్చు.

ఇదివరకు, ప్రశ్న అడిగిన మనిషి టిక్ పెట్టిన జవాబే ఎప్పటికీ అన్నిటికన్నా పైన ఉండేది. 2009లో పెట్టిన టిక్ 2020లోనూ నెత్తిమీదే. 2021లో స్టాక్ ఓవర్‌ఫ్లో ఆ పద్ధతి తీసేసింది, ఇప్పుడు టిక్ ఉన్న జవాబు కూడా ఓట్ల ప్రకారమే నిలబడాలి. ఆ మరుసటి ఏడాది ట్రెండింగ్ అనే వరస కూడా పెట్టారు, అందులో ఈమధ్య పడ్డ ఓట్లకు విలువ ఎక్కువ. కాబట్టి మంచి కొత్త జవాబుకు మీరు వేసే ఒక్క ఓటు అనుకున్నంత చిన్నదేం కాదు.

ఏది ఎడిట్ చేయాలి, ఏది చేయకూడదు

నాకు ఇది తెలిసింది మొట్టికాయ తిన్నాకే. కొత్తలో ఒక సైట్‌లో మంచి పేరున్న ఒకాయన పాత జవాబు కనిపించింది. అందులో వాడిన లైబ్రరీని ఎవరూ వాడటం లేదు. నేను ఉత్సాహంగా కోడ్ అంతా తీసేసి కొత్త లైబ్రరీతో రాశాను, వివరణ కూడా మార్చాను. గంటలో తిరిగొచ్చింది, "రచయిత ఉద్దేశానికి విరుద్ధం" అని. మంచి చేస్తే ఇదా అని రెండు రోజులు ఉడికిపోయాను. తర్వాత తీరిగ్గా చూస్తే అర్థమైంది. ఆ కోడ్ కింద ఉన్న పేరు ఆయనది. మూడొందల ఓట్లూ పడింది ఆయన రాసినదానికి. నేను రాసిన కోడ్‌ని ఒక్కరు కూడా పరీక్షించలేదు, అయినా ఆ మూడొందల మంది ఆమోదం దానికి దొరికేసేది. రేపు అందులో తప్పు దొర్లితే మాట పడేది ఆయన.

అప్పటి నుంచి నాకు నేను వేసుకునే ప్రశ్న ఒకటే: ఈ మార్పు చూస్తే రాసిన మనిషి "అవును, నేనే మార్చాల్సింది" అంటాడా, లేక "ఇది నేను చెప్పింది కాదే" అంటాడా?

మొదటి రకానికి ఎడిట్ సరిపోతుంది. చచ్చిన లింకు, పేరు మారిన ప్యాకేజీ, జరిగిపోయిన మెనూ, పైథాన్ 3లో ప్రింట్‌కి కావలసిన బ్రాకెట్లు లాంటివి. బ్రాకెట్ల సంగతిలోనూ ఒక మెలిక ఉంది. ఒకే విలువను ప్రింట్ చేసే చోట బ్రాకెట్లు పెడితే పైథాన్ 2లోనూ 3లోనూ నడుస్తుంది, ఎవరికీ నష్టం లేదు. రెండు మూడు విలువలు కామాలతో ఉన్నచోట బ్రాకెట్లు పెడితే మాత్రం పైథాన్ 2 దాన్ని టపుల్ (విలువల మూట) అనుకుని బ్రాకెట్లతో సహా తెరమీద చూపిస్తుంది. చిన్న ఎడిట్ అనుకున్నది కూడా ఇలా ఒకరికి పని చేసి ఇంకొకరికి చెడగొట్టొచ్చు.

రెండో రకం, అంటే పద్ధతే మారిపోయినప్పుడు, కొత్త జవాబు రాయండి. పాత జవాబులో ఏ ముక్క వాడుకున్నా ఆ జవాబు లింకు, రాసినవారి పేరు పెట్టండి. అక్కడి రాతలన్నీ క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద ఉంటాయి, పేరు చెప్పి వాడుకోమనే ఆ లైసెన్సు అర్థం.

రెంటికీ మధ్యలో పడేవి కొన్నున్నాయి. వెబ్‌సైట్లు రాసే పీహెచ్‌పీ భాషలో, డేటాబేస్‌తో మాట్లాడే పాత మైఎస్‌క్యూఎల్ ఫంక్షన్లనే తీసుకోండి. 2013లో వచ్చిన 5.5 వాటిని వద్దంది, 2015 డిసెంబరులో వచ్చిన 7.0 తీసేసింది. వాటితో రాసిన జవాబుల్లో చాలావాటిలో యూజర్ టైపు చేసినదాన్ని అలాగే క్వెరీలో, అంటే డేటాబేస్‌ని అడిగే ప్రశ్నలో, అతికించేస్తారు. దొంగకు తలుపు తీసిపెట్టడమే అది. కోడ్ మొత్తం కొత్త పద్ధతైన పీడీవోలోకి మార్చేస్తే అది వేరే జవాబైపోతుంది. ఏమీ చేయకుండా ఉంటే చదివినవాడు మునుగుతాడు. నా మట్టుకు నేను పైన ఒక్క వాక్యం చేర్చి ఊరుకుంటాను: "ఈ ఫంక్షన్లు పీహెచ్‌పీ 7.0 నుంచి లేవు, కొత్త పద్ధతికి కింది ఫలానా జవాబు చూడండి." కోడ్ ముట్టుకోను. ఎడిట్లను పరిశీలించే రివ్యూయర్లలో దీన్నీ ఒప్పుకోనివాళ్లు ఉంటారు. అప్పుడు అదే వాక్యం కామెంటుగా పెట్టండి, అందుకు యాభై పాయింట్లు కావాలి.

ఫ్లాగ్ అనే ఫిర్యాదు బటన్ కొట్టి సైటును చూసుకునే మోడరేటర్‌ని పిలిస్తే అయిపోతుంది కదా అనుకోవచ్చు. అవ్వదు. సాంకేతికంగా ఏది తప్పో తేల్చడం మోడరేటర్ల పని కాదు, వెనక్కి పంపేస్తారు. కిందికి ఓటు వేయొచ్చు, దానికి 125 పాయింట్లు ఉండాలి, వేసినందుకు మీదీ ఒక పాయింటు పోతుంది. కొత్త పద్ధతి మీకే తెలియకపోతే, జవాబులన్నీ పాతబడ్డాయనే కారణం ఎంచుకుని బౌంటీ, అంటే మీ పాయింట్లలోంచి బహుమతి, పెట్టండి. కనీసం యాభై పాయింట్లు ఒడ్డాలి, వారం రోజులు ప్రశ్న అందరికీ కనబడుతుంది.

ఎడిట్ రాయడం

జవాబు కింద ఎడిట్ అనే లింకు ఉంటుంది. రెండు వేల పాయింట్లు దాటినవాళ్ల మార్పు వెంటనే కనబడుతుంది. మిగతావాళ్లది సూచనగా క్యూలోకి వెళుతుంది, ఒకరికన్నా ఎక్కువమంది రివ్యూయర్లు సరేనంటే ఎక్కుతుంది. రాసిన మనిషే చూసి ఒప్పుకుంటే ఆ ఒక్కరూ చాలు. ఒప్పుకున్న ప్రతి సూచనకూ మీకు రెండు పాయింట్లు వస్తాయి. సూచనలో కనీసం ఆరు అక్షరాలు మారాలి. ఒక్క కామా పెట్టాలనుకున్నప్పుడు ఈ నియమం చిరాకు తెప్పిస్తుంది. అలాంటప్పుడు ఆ జవాబులోనే సరిచేయాల్సింది ఇంకేదైనా ఉందేమో చూడండి, సాధారణంగా ఉంటుంది.

రాసేటప్పుడు ఎక్కువమంది చేసే పని, జవాబు అడుగున "అప్‌డేట్:" అని ఒకటి, దాని కింద "అప్‌డేట్ 2:" అని ఇంకొకటి అతికించుకుంటూ పోవడం. పెళ్లి క్యాసెట్ చివర సీమంతం రికార్డు చేసినట్టుంటుంది అది. చదివేవాడికి కావలసింది జవాబు, దాని జీవిత చరిత్ర కాదు. చరిత్ర ఎలాగూ భద్రంగా ఉంటుంది. ఫలానా తేదీన ఎడిట్ అయిందన్న చోట నొక్కితే ప్రతి మార్పూ రంగులతో సహా కనబడుతుంది, అవసరమైతే పాత రూపానికి తిప్పేయొచ్చు కూడా. కాబట్టి ఈరోజు మొదటిసారి చదివేవాడికి సాఫీగా ఉండేలా రాయండి.

అలాగని పాత పద్ధతిని తుడిచేయకండి. దానికి వెర్షన్ కట్టండి. ఇప్పుడు ఎక్కువమందికి పనికొచ్చేది పైన, పాతది దాని కింద. ఉదాహరణకు:

"పాండాస్ 2.0, ఆ తర్వాతి వెర్షన్లు: కాన్‌క్యాట్ వాడండి. 2.0 కన్నా ముందువి: కింద ఇచ్చిన అపెండ్ పనిచేస్తుంది."

ఇంత చాలు. "ఇప్పుడు", "ఈమధ్య", "కొత్త వెర్షన్‌లో" అనే మాటలు రాయకండి. మీ ఎడిట్ కూడా రేపు పాతబడుతుంది, అప్పుడు "ఈమధ్య" అంటే ఎప్పుడో ఎవరికీ తెలియదు. వెర్షన్ నంబరు రాయండి, నంబర్లు లేని విషయమైతే నెల, సంవత్సరం రాయండి.

రాసినవారు "నేను" అని రాసిన చోట మీ అనుభవం దూర్చకండి. "నేను దీన్ని ఐదేళ్లుగా వాడుతున్నాను" అన్న వాక్యం ఆయనది. అది అబద్ధంగా మారినా సరే, దిద్దే హక్కు మనకు లేదు.

లింకుల మాట కొంచెం వివరంగా చెప్పాలి. ఎడిట్లలో సగం వీటికే సరిపోతుంది. గూగుల్ కోడ్ అనే సైటు 2016 జనవరిలో మూతపడింది, దాన్ని చూపించే జవాబులు ఇంకా తగులుతూనే ఉంటాయి. ముందు ఆ ప్రాజెక్టు ఎక్కడికి మారిందో వెతకండి, చాలావరకు గిట్‌హబ్‌లో ఉంటుంది. దొరికితే కొత్త లింకు పెట్టే ముందు ఆ పేజీలో అదే విషయం ఉందో లేదో చదవండి. సైటు వాళ్లు పాత లింకులన్నిటినీ హోమ్ పేజీకి మళ్లించడం మామూలే, లింకు బతికున్నట్టే ఉంటుంది, లోపల సరుకుండదు. ఎక్కడా దొరక్కపోతే ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో పాత లింకు వేసి చూడండి. జవాబు రాసిన తేదీకి దగ్గరగా ఉన్న ప్రతిని ఎంచుకోండి. ఎంచుకున్నాక అందులోంచి అసలు విషయం రెండు మూడు వాక్యాల్లో జవాబులోనే రాసేయండి. మళ్లీ లింకు పోయినా జవాబు నిలబడుతుంది.

మార్పుకు కారణం రాసే చిన్న పెట్టె కింద ఉంటుంది. దాన్ని ఖాళీగా వదలకండి. "బాగుచేశాను" అని రాస్తే రివ్యూయరుకు ఏమీ అర్థం కాదు. అతనికి ఆ లైబ్రరీ తెలియకపోవచ్చు, పది సెకన్లలో నిర్ణయం తీసుకుంటాడు. "2.0 వెర్షన్‌లో అపెండ్ తీసేశారు, విడుదల నోట్స్‌లో ఉంది. కాన్‌క్యాట్ రూపం చేర్చాను, పాతది అలాగే ఉంచాను" అని రాయండి. నా అనుభవంలో ఎడిట్ ఎక్కుతుందా తిరిగొస్తుందా అన్నది కోడ్ కన్నా ఈ ఒక్క లైన్ మీదే ఎక్కువ ఆధారపడుతుంది.

పంపాక తప్పు కనబడితే కంగారు పడకండి. అయిదు నిమిషాల లోపు మీరే మళ్లీ మారిస్తే రెండూ ఒకే మార్పుగా కలిసిపోతాయి.

తిరస్కరిస్తే, ఇచ్చిన కారణం చదివి, కామెంటు దారో కొత్త జవాబు దారో పట్టండి. అదే ఎడిట్‌ని మళ్లీ మళ్లీ పంపకండి. వరసగా తిరస్కరణలు పడితే కొన్నాళ్లు సూచనలు పంపనివ్వరు.

మీ సొంత జవాబులు

ఇక్కడ ఎవరి అనుమతీ అక్కర్లేదు, అయినా ఎవరూ చేయని పని ఇదే. మీ ప్రొఫైల్‌లోకి వెళ్లి జవాబులను ఓట్ల ప్రకారం పేర్చుకోండి. పైన ఉన్న పదిని ఏడాదికోసారి చదవండి. అన్నీ చదవక్కర్లేదు, జనం చూసేది ఆ పదినే. కింద కామెంట్లలో "ఇది నాకు పనిచేయలేదు" అని ఎవరైనా పెట్టి ఉంటే అక్కడి నుంచే మొదలుపెట్టండి.

స్టాక్ ఓవర్‌ఫ్లోలో టిక్ పడిన జవాబును మీరే డిలీట్ చేయాలన్నా కుదరదు. అలాంటప్పుడు పైన ఒక లైన్ రాసి మంచి జవాబు వైపు దారి చూపించండి. అవతలి జవాబు ఇంకొకరిదైనా సరే.

కోరా తెలుగులో రాసేవాళ్లకు ఈ పని ఇంకా అవసరం. అక్కడ మీ జవాబును మీరు తప్ప ఎవరూ దిద్దలేరు, తెలిసినవాళ్లు కామెంటు పెట్టగలరు. పైగా మనవాళ్లు అడిగేవన్నీ మారిపోయే విషయాలే, సర్టిఫికెట్లు, ఫీజులు, భూములు, పరీక్షలు. "తెలంగాణలో 31 జిల్లాలు" అని 2017లో రాసిన జవాబు 2019 ఫిబ్రవరిలో ములుగు, నారాయణపేట రావడంతో పాతబడింది. ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలన్న మాట 2022 ఏప్రిల్ 4న మారి 26 అయింది. జిల్లాల లెక్క తప్పితే పెద్ద నష్టం లేదు. జిల్లా మారితే ఏ కలెక్టరేట్‌కి వెళ్లాలో కూడా మారుతుంది, అక్కడ తప్పు చెబితే ఒక మనిషి ఒక రోజు కూలి పోగొట్టుకుని తప్పు ఊరికి బస్సెక్కుతాడు.

ఇలాంటి జవాబుల్లో మొదటి లైన్‌లోనే రెండు సంగతులు ఉండాలి, ఏ రాష్ట్రం, ఏ నెల. "వీఆర్వోని కలవండి" అన్న సలహా తెలంగాణలో 2020లో చెల్లకుండా పోయింది, ఆంధ్రలో వీఆర్వోలు ఇప్పటికీ ఉన్నారు. రాష్ట్రం పేరు రాయకపోతే ఒకే వాక్యం ఒకచోట నిజం, ఇంకోచోట అబద్ధం. ఒకరు పహాణీ అంటారు, ఇంకొకరు అడంగల్ అంటారు, ఆ మాటను బట్టి చదివేవాడే రాష్ట్రం ఊహించుకోవాలంటే ఎలా? ఫీజుల విషయంలో అంకె రాయకుండా ఉండగలిగితే మంచిది. తప్పదనుకుంటే "2025 జూన్‌లో నేను కట్టింది ఇంత" అని రాయండి. మీ అనుభవం ఎప్పటికీ నిజమే, రేటు మాత్రం మారుతుంది.

మొత్తం పద్ధతే మారితే పాత జవాబు మీద పడి దిద్దే బదులు, పైన ఇలా రాయండి: "ఇది తెలంగాణలో 2019 నాటి పద్ధతి. 2020 అక్టోబరు తర్వాత కొన్న సాగు భూమికి ఇది వర్తించదు." పాత జవాబును ఉంచడం ఎందుకంటే, 2018లో కొన్న పొలం కాగితాల్లో ఇప్పుడు చిక్కు వచ్చిన మనిషికి ఆనాడు ఏ ఆఫీసులో ఏం జరిగేదో తెలియాలి. అది వేరే ఎక్కడా దొరకదు.

ఎడిట్ ఎక్కాక

పేజీని ఫోన్‌లో ఒకసారి తెరిచి చూడండి. కోడ్ గళ్లు విరిగిపోవడం, లింకు బ్రాకెట్ బయట పడిపోవడం కంప్యూటర్ మీద కనబడదు. తర్వాత కింది కామెంట్లు చదవండి. "కొత్త వెర్షన్‌లో ఇది రావట్లేదు" అని మూడేళ్ల కింద ఎవరో పెట్టిన కామెంటు ఇంకా అక్కడే ఉంటుంది, దాన్ని చూసి కొత్తగా వచ్చినవాడు మీరు సరిచేసిన జవాబును కూడా నమ్మడు. ఆ కామెంటు పక్కన ఫ్లాగ్ నొక్కి, ఇక అవసరం లేదనే కారణం ఎంచుకోండి. అలాంటి ఫ్లాగులు మోడరేటర్లు సంతోషంగా తీసుకుంటారు. మీరు పెట్టిన పాత కామెంటే అయితే మీరే తీసేయండి.